నిమిషానికి ఇరవై

మొన్న మధ్యాహ్నం ప్రమీల ఫోన్ చేసింది. ఒకప్పుడు అమీర్‌పేట హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి. పుట్టినరోజులకు తప్ప మేం మాట్లాడుకోం. హలో అనగానే, "సిస్టర్ పోయిందటే," అంది.

"ఎప్పుడు?"

"నెల దాటిందట. జహీరాబాద్ అవతల ఏదో మిషన్ ఆస్పత్రిలో చివరిదాకా పని చేసేదట. మా ఆడపడుచు వాళ్ళ చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన పెట్టారు. పేరు చదివితే నాకు తెలియలేదు. ఫొటో చూసి గుర్తుపట్టాను."

ఆ పేరేమిటని అడగబోయి ఆగిపోయాను. ఏడాదిన్నర ఒకే గదిలో, ఆవిడ మంచానికి మూరెడు దూరంలో పడుకున్నదాన్ని. ఒక్కరోజూ పేరు అడగలేదు. ఇన్నేళ్ళ తరవాత ప్రమీల దగ్గర అడగడానికి నోరు రాలేదు. మా అందరికీ ఆవిడ సిస్టర్, అంతే.

డిగ్రీ అయ్యాక తణుకు నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చాను. ఆ రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపించనంతగా కాగితాలు అంటించి ఉండేవి. ఏ మెట్లెక్కినా ఒక క్లాసు, ఏ క్లాసులో చూసినా నూరు మంది. మా హాస్టల్ ఆ వెనక సందులోనే. గదికి నలుగురం. ముగ్గురం ఇరవై రెండేళ్ళ వాళ్ళం, నాలుగో మంచం సిస్టర్‌ది. పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ వెళ్ళే దారిలో, లోపలి సందులో ఒక నర్సింగ్ హోమ్ ఉండేది, ఇప్పుడు లేదు. అందులో పని చేసేది. నలభై దాటి ఉంటాయి. మెదక్ వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వాల్చి నడిచేది. రవికకు ఎడమ పక్కన పిన్నుతో ఒక గడియారం వేలాడేది. ఆవిడ కిందికి చూసుకుంటే సరిగ్గా కనిపించేలా, ఎదుటివాళ్ళకు తలకిందులుగా ఉండేది.

ఆ గడియారం అంటే హాస్టల్లో అందరికీ భయం. ఎందుకో చెప్తాను.

మా గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున్న మేం టిఫినుకు బయల్దేరుతుంటే తాత స్టూలు మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు. సిస్టర్ ఆగింది. తాత ఛాతీ వైపు చూసింది, గడియారం వైపు చూసింది. నిమిషంపాటు అట్లాగే నిలబడింది. మేం నవ్వుకుంటున్నాం.

"తాతా, నిమిషానికి ముప్ఫై రెండు సార్లు గాలి పీలుస్తున్నవ్. కూసున్న మనిషికి గంత ఎందుకు పడుతది? రేపు నాతోని దవాఖానకు రా."

"నాకేమైంది తల్లీ? మంచిగున్న," అన్నాడు తాత.

"మంచిగ లేవు. నేను లెక్కపెట్టిన."

తాత వెళ్ళలేదు. తొమ్మిదో రోజు పొద్దున్న ఆ స్టూలు ఖాళీగా ఉంది. కొడుకు వచ్చి తాత దుప్పటి, టార్చిలైటు పట్టుకుపోయాడు. అప్పట్నుంచి హాస్టల్లో సిస్టర్ ఎవరివైపైనా చూసి తల వంచుకుంటే చాలు, ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టేది. ప్రమీలకు జలుబు చేసినప్పుడు సిస్టర్ దగ్గరికి వస్తుంటే, "నన్ను లెక్కపెట్టకండి సిస్టర్, మీకు దణ్ణం పెడతాను," అని దుప్పటి ముసుగేసుకుంది. సిస్టర్‌కు కోపం రాలేదు. "లెక్కపెడితే రోగం రాదు పిల్లా. వచ్చిందో లేదో తెలుస్తది," అంది.

ఆవిడ చూపులో ప్రతిదీ అట్లాగే లెక్కలుగా విడిపోయేది. స్నానాల గది దగ్గర రోజూ పొద్దున్న గొడవ. ఒకరోజు నల్లా కింద బకెట్ పెట్టి, నిండేదాకా నిలబడి చూసింది. నాలుగు నిమిషాలు. ఒక మనిషికి ఒక బకెట్, పదిహేను మంది, గంట. ఎవరు ఎన్నింటికి లేవాలో కాగితం మీద రాసి తలుపుకు అంటించింది. గొడవ ఆగిపోయింది. కానీ ఆ కాగితం చూస్తే ఏదో వార్డులో ఉన్నట్టనిపించేది.

నాకు ఆవిడ దగ్గరైంది లెక్కల వల్ల. జావా వచ్చేసింది కానీ కంపెనీలు ముందు పెట్టే రాతపరీక్షలో ఊరికే తప్పుతున్నాను. చిన్నప్పటి లెక్కలు. పన్నెండు మంది ఒక గోడ ఎనిమిది రోజుల్లో కడితే పదహారు మంది ఎన్ని రోజుల్లో కడతారు? గడియారం పెట్టి అడిగితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. మూడోసారి తప్పి వచ్చి మంచం మీద ఏడుస్తుంటే సిస్టర్ డ్యూటీ నుంచి వచ్చింది. కాగితం తీసి చూసింది.

"గిదా? గిదానికి ఏడుస్తరా? మా బడిల దీన్ని ఏకవస్తు మార్గం అనేటోళ్ళు. పన్నెండు మందిని పక్కకు పెట్టు. ఒక్కనికి తీస్కురా. ఒక్కడే కడితే ఎన్ని రోజులు?"

"తొంభై ఆరు."

"ఇగ పదహారు మందిని పిలువు."

"ఆరు."

"అయిపాయె. ముందు ఒక్కదానికి తీస్కురావాలె. అక్కణ్ణుంచి ఎక్కడికైనా పోవచ్చు."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అరగంట చెప్పేది. పుస్తకంలో లెక్కలు కావు, తన లెక్కలు. కిలో బరువుకు ఇంత మందు అయితే పదకొండు కిలోల పిల్లకు ఎంత? లీటరు గ్లూకోజు ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎంత? నేను తప్పు చెప్తే పెన్సిల్ కింద పెట్టేది. "చంపినవ్," అనేది. గొంతు పెంచేది కాదు. నాకు మాత్రం నిజంగానే ఎవరో పోయినట్టుండేది. మళ్ళీ మొదట్నుంచి చేసేదాన్ని.

ఒక వారం రాత్రి భోజనం దగ్గర అన్నం సరిపోవడం లేదని అమ్మాయిలు గొణగసాగారు. హాస్టల్ నడిపే ఆంటీ గుంటూరు మనిషి, గట్టి మనిషి. "ఏంటమ్మా, మనిషికి రెండు గరిటెలు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే," అంది. సిస్టర్ లేచి గరిటె తీసుకుని, నీళ్ళు ముంచి తన గ్లాసులో పోసింది. మూడు గరిటెలకు నిండే గ్లాసు నాలుగింటికి నిండింది.

"రెండు గరిటెలు రెండు గరిటెలే ఆంటీ. గరిటె మారింది," అంది.

ఆంటీ ముఖం ఎర్రబడింది. మేం పగలబడి నవ్వాం. గదికి వచ్చాక నేనింకా నవ్వుతుంటే సిస్టర్ మాత్రం నవ్వలేదు. "ఒక్కదానికి ఎంత అని అందరడుగుతరు. ఆ ఒక్కటి మారిందా అని ఎవ్వరడగరు. మా వార్డుల గట్ల అడగనోళ్ళు ఇద్దరు ముగ్గురున్నరు. నాకు అదే ఫికర్," అంది.

ఏదో జరుగుతుందని ఆవిడకు ముందే భయం ఉండేదనుకుంటాను. నర్సింగ్ హోమ్ పెద్దదవుతోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళు వస్తున్నారని ముందువైపు అద్దాలు పెట్టించారు, రిసెప్షన్‌లో చేపల తొట్టి పెట్టారు. లోపల మాత్రం శిక్షణ పొందిన నర్సులు ఇద్దరే మిగిలారు. మిగతావాళ్ళు టెన్త్ చదివి నెల రోజుల్లో పని నేర్చుకున్న పిల్లలు. "పోయినాదివారం ఒకామె జ్వరం కొలిచి నూట పది అని రాసింది. గంత జ్వరమొస్తే మనిషి ఉంటడా? రాసేటప్పుడు చెయ్యి ఆగాలె గద," అనేది. సెలవు రోజున కూడా ఒక్కోసారి కొంగు సర్దుకుని, "జర చూసొస్త," అని బయల్దేరేది. ఏం చూడటానికో చెప్పేది కాదు.

జూలైలో నాకు టైఫాయిడ్ వచ్చింది. సిస్టరే ఆటోలో తీసుకెళ్ళి తన నర్సింగ్ హోమ్‌లో చేర్పించింది. మొదటి అంతస్తులో ఆరు మంచాల వార్డు. పొద్దున్నా సాయంత్రం నాకు సెలైన్. పడుకుని చేసే పనేముంది, చుక్కలు లెక్కపెట్టుకునేదాన్ని.

నాలుగో రోజుకు లేచి కూచోగలిగాను. ఆ పొద్దున్నే పక్క మంచంలోకి ఒక పాపను తెచ్చారు. స్వప్న. రెండున్నరేళ్ళు, చూస్తే ఏడాది పిల్లలా ఉంది. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. జ్వరం, వాంతులు. తల్లి నా వయసుదే. తండ్రి సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. పాపను పడుకోబెట్టి, డాక్టరుతో మాట్లాడి, షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

పాపకు సెలైన్ పెట్టింది సిస్టరే. నాకు పెట్టే గొట్టం కాదది. చుక్కలు పడే చోట లోపల సూదిలాంటి ముక్కు ఉంది. దాన్నుంచి సన్నటి చుక్కలు పడుతున్నాయి. గడియారం చూసి లెక్కపెట్టి, గొట్టం మీది చక్రం తిప్పి, మళ్ళీ లెక్కపెట్టింది. సీసా పక్కన ప్లాస్టర్ ముక్క నిలువుగా అంటించి, దాని మీద పెన్నుతో అడ్డగీతలు గీసింది. పన్నెండు, ఒకటి, రెండు, మూడు, అట్లా రాత్రి పన్నెండుదాకా. ఏ గంటకు నీళ్ళు ఎక్కడిదాకా దిగాలో ఆ గీతలు.

"ఈ పిల్లకు గంటకు ఇరవై ఎమ్మెల్ మించి పోవద్దు," అంది నాతో, పాఠం చెప్తున్నట్టే. "గుండె మంచిగ లేదు. నీళ్ళెక్కువైతే ఊపిరితిత్తులల్ల నిండుతయి. గివి సన్న చుక్కలు. అరవై పడితే ఒక ఎమ్మెల్. నిమిషానికి ఇరవై పడితే?"

"మూడోవంతు ఎమ్మెల్. గంటకి ఇరవై."

"శభాష్. రెండింటికి నా డ్యూటీ అయిపోతది. నువ్వెట్లైనా లెక్కపెడుతుంటవ్ గద. దీన్ని సుత జర చూడు. ఇరవై దాటితే పిలువు."

నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట దాచుకోను.

రెండింటికి సిస్టర్ వెళ్ళింది. మూడింటికి పాప చెయ్యి విదిలించడంతో గొట్టంలోకి రక్తం వచ్చి గడ్డకట్టింది. చుక్క ఆగిపోయింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయి, వచ్చి నెలైంది. కిందికి పోయి వెతికి వచ్చి, "చిన్న పిల్లల సెట్టు లేదంట," అని గొణుక్కుంటూ పెద్దవాళ్ళకు పెట్టే మామూలు గొట్టం సెట్టు విప్పి తగిలించింది. నా వైపు తిరిగింది.

"సిస్టర్ ఎన్ని పెట్టమన్నది మేడమ్?"

"ఇరవై."

చక్రం తిప్పింది. నేను నా చేతి గడియారం చూసి లెక్కపెట్టాను. ఇరవై రెండు. "కొంచెం తగ్గించు," అన్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై.

చుక్కలు నా సీసాలో పడే చుక్కల్లాగే లావుగా ఉన్నాయి. చూశాను. చూశానని ఇప్పటికీ బాగా గుర్తు. లావు చుక్కలైతే ఇరవైకే ఒక ఎమ్మెల్. అది ఒకటో తరగతి లెక్క. ఆ లెక్క నేను వెయ్యలేదు. నాకు ఇరవై చెప్పారు, ఇరవై పడుతున్నాయి.

నాలుగింటికి చూస్తే నీళ్ళు అప్పుడే ఆరింటి గీత దగ్గర ఉన్నాయి. గొట్టం మార్చినప్పుడు కొన్ని నీళ్ళు పోయి ఉంటాయిలే అనుకున్నాను. చుక్కలు లెక్కపెట్టాను. ఇరవై.

"సరిగ్గనే పోతున్నదా అక్కా?" అంది తల్లి.

"సరిగ్గానే ఉంది."

ఆమె పాప పాదాలు ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూచుంది. కిటికీ అవతల బస్సుల హారన్లు, ఎక్కడో జెనరేటర్ మోత. పాప దగ్గింది. కాసేపటికి మళ్ళీ దగ్గింది. చిన్న దగ్గు, పొడి దగ్గు కాదు. లోపల ఏదో తడిగా కదిలినట్టుంది.

ఐదింటికి నీళ్ళు రాత్రి తొమ్మిదింటి గీత దగ్గర ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పంతొమ్మిది. మళ్ళీ. ఇరవై. ఆ అమ్మాయిని పిలిచాను. గీతలు చూపించాను.

"ఇరవైనే పడుతున్నయి గద మేడమ్. గీతలు తప్పు గీసిందేమో," అంది.

సిస్టర్ గీతలు తప్పు గియ్యదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా, కావచ్చు అనిపించింది. డాక్టరును పిలవమని గట్టిగా అనలేకపోయాను. జ్వరంతో పడుకున్న మనిషిని, నాకేం తెలుసు అనుకున్నాను. పాప నిద్రపోయింది, మంచిదే అనుకున్నాను. తల్లి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట చెప్పాను.

ఆరు కావస్తుండగా సిస్టర్ వచ్చింది. నాకోసం డబ్బాలో జావ తెచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. నా వైపు చూడలేదు, సీసా వైపూ చూడలేదు. పాప ఛాతీ వైపు చూసింది. గడియారం కోసం తల వంచలేదు. ఆవిడ లెక్కపెట్టకుండా కదలడం నేను మొదటిసారి చూశాను. డబ్బా నేలమీద పడేసి రెండంగల్లో వచ్చి చక్రం బిగించేసింది. పాపను ఎత్తి కూచోబెట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏ సెట్టు ఇది?" అంది. అరవలేదు. "ఎన్నింటికి మార్చిన్రు?"

"మూడింటికి," అన్నాను.

ఆ తరవాత చాలామంది వచ్చారు. ఆక్సిజన్, సూదిమందులు, డాక్టరు, అంబులెన్సు. పెద్దాస్పత్రికి తరలిస్తుంటే సిస్టర్ కూడా ఎక్కింది. తల్లి చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి. తెల్లవారేసరికి పాప పోయింది.

పొద్దున్న పదింటికి సిస్టర్ వార్డుకు వచ్చింది. అదే చీర. గోడవైపు బల్ల మీద కూచుని పాప కేసు కాగితాలు రాస్తోంది. నర్సింగ్ హోమ్ సొంతదారు డాక్టరుగారే స్వయంగా పైకి వచ్చారు. నా మంచం చుట్టూ తెర వేసి ఉంది. మాటలు వినిపిస్తున్నాయి.

"గుండె జబ్బు అని రాశారా?"

"రాసిన సార్."

"అది చాలండి. ఆ పిల్ల ఎట్లాగూ ఎక్కువ రోజులు బతికేది కాదు. మీకూ తెలుసు."

"సెట్టు మార్చిన సంగతి సుత రాసిన. మూడు నుంచి ఆరు దాకా ఎంత పోవాలె, ఎంత పోయింది, రాసిన."

కాగితం చింపిన చప్పుడు.

"మళ్ళ గదే రాస్త సార్," అంది సిస్టర్. రాయడం మొదలుపెట్టిన చప్పుడు వినిపించింది.

డాక్టరుగారు కాసేపు అక్కడే నిలబడి, దిగి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక పాప తండ్రి వచ్చాడు. తల్లి చెప్పులు, పాప దుప్పటి తీసుకుపోవడానికి. సిస్టర్ అతన్ని బెంచీ మీద కూచోబెట్టి తనూ పక్కన కూచుంది. తెర సందులోంచి నాకు వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి.

"తమ్మీ, నీకు ఒక సంగతి చెప్పాలె. నీ బిడ్డకు గంటకు ఇరవై ఎమ్మెల్ పోవాలె. సన్న చుక్క తీసి లావు చుక్క పెట్టిన్రు. గంటకు అరవై పోయింది. మూడు గంటలు."

అతను ఏడవలేదు. తల వంచుకుని వేళ్ళు కదిలించాడు.

"అరవై పోయేకాడ నూట ఎనభై."

"అవును."

"మూడింతలు."

"అవును."

"లేత్ మీద ఒక్క వెంట్రుక మందం ఎక్కువ కోస్తే పీసు పనికిరాదమ్మా," అన్నాడు చివరికి. "పక్కకు పడేసి ఇంకోటి పెడుతం." తరవాత, "ఎవరు చూడలేదా?" అని అడిగాడు.

నేను తెర వెనకే ఉన్నాను. లేచి వెళ్ళాలి. నాలుగడుగుల దూరం. చేతికి గొట్టం కూడా లేదు.

"నేనే చెప్పిపోయిన. చెప్పుడు సరిపోలేదు," అంది సిస్టర్.

అతను లేచాడు. చెప్పులు దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. సిస్టర్ నా తెర వైపు తిరగలేదు.

నన్ను ఆస్పత్రి నుంచి పంపేసరికి మూడు రోజులు పట్టింది. హాస్టల్లో నాలుగో మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఆవిడను పనిలోంచి తీసేశారని, ఆ రోడ్డు మీద ఇంకే నర్సింగ్ హోమూ పనిలోకి తీసుకోదని ప్రమీల చెప్పింది. లెక్క తప్పిన నర్సు అని అందరికీ చెప్పేశారట. నేను విని ఊరుకున్నాను. నీరసంగా ఉందని పడుకున్నాను.

అక్టోబరులో ఒక కంపెనీ రాతపరీక్షకు వెళ్ళాను. పదకొండో ప్రశ్న గొట్టం తొట్టిలోకి నీళ్ళు పోసే లెక్క. నిమిషానికి ఇంత అయితే ఎంతసేపట్లో నిండుతుంది? ఒక్క నిమిషానికి తెచ్చాను. జవాబు వచ్చింది. అన్ని లెక్కలకూ జవాబులు వచ్చాయి. ఉద్యోగం వచ్చింది.

ఉత్తరం చేతిలో పెట్టుకుని సిస్టర్‌ను వెతికాను. సనత్‌నగర్ ఫ్యాక్టరీల వెనక చర్చి వాళ్ళ చిన్న డిస్పెన్సరీలో దొరికింది. బడిపిల్లల వరసకు టీకాలు వేస్తోంది. ఒక్కో పిల్ల భుజం పట్టుకుని, పేరు అడిగి, చీటీలో చూసి, సీసా మీద రాసింది పైకి చదివి, అప్పుడు సూది వేస్తోంది. వరస అయిపోయేదాకా గోడ దగ్గర నిలబడ్డాను. ఉద్యోగం సంగతి చెప్తే తల ఊపింది. "మంచిగైంది పిల్లా," అంది. ఇంకా చిక్కిపోయింది.

ఉద్యోగం మాట చెప్పడానికి రాలేదని ఆవిడకు తెలుసు. ఏమీ అడగకుండా సూదులు మరిగించే గిన్నె కడుగుతోంది.

"ఆ రోజు పాప తండ్రి ఎవరూ చూడలేదా అని అడిగాడు కదా సిస్టర్. నేను లెక్కపెట్టానని ఎందుకు చెప్పలేదు?"

గిన్నె బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

"నీ సంగతి నువ్వే చెప్పాలె గద. నా నోటితోని నేనెట్ల చెప్త?"

"నన్ను కాపాడటానికి అనుకున్నాను."

"కాదు," అంది. కఠినంగా అనలేదు, మెత్తగా కూడా అనలేదు. చీటీ వెనక ఒక అడ్రస్ రాసి ఇచ్చింది. "ఇక్కణ్ణుంచి పది నిమిషాల నడక. కేసు కాగితాల మీద చూసిన. నాకు యాదికున్నది."

ఆ రోజు వెళ్ళలేదు. తరవాతి ఆదివారం వెళ్ళాను. రేకుల షెడ్ల మధ్య వరస గదులు, ప్రతి గుమ్మం ముందూ ఒక డ్రమ్ము. తల్లి బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం తెలియనట్టు నిలబడి, దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వా! జ్వరం తగ్గిందా? లోపలికి రా, గుమ్మంల నిలబడితే ఎట్ల?"

చాప పరిచింది. భర్త షిఫ్టుకు పోయాడని చెప్పింది. స్టవ్ ముట్టించి చాయ్ పెట్టింది. గోడకు స్వప్న ఫొటో, కింద కుంకుమ. నేను చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. మొదటి మాట నాలుక మీద ఉంది.

"నీ గురించి మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పిన్నో అక్కా," అంది, చాయ్ వడకడుతూ. "ఒంట్ల బాగలేకున్నా లేచి కూసొని చుక్కలు లెక్కవెట్టింది, సొంత చెల్లె లెక్క చూసిందని. ఆ పెద్ద సిస్టరే లెక్క తప్పింది. తానే ఒప్పుకున్నదట గద ఈయన ముంగట. నువ్వు సుత లేకుంటే గా రోజు నాకు ఎవ్వరు లేరు అక్కా."

గ్లాసు నా చేతికిచ్చింది. వేడిగా ఉంది. పట్టుకున్నాను.

"తాగు అక్కా, చల్లారిపోతది."

తాగాను. మొత్తం తాగాను. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆమె సంతోషపడింది. లేస్తానంటే వద్దన్నా వినకుండా బస్‌స్టాపు దాకా వచ్చింది, నంబరు చూసి బస్సు ఆపింది, నేను కూచున్న కిటికీ దగ్గరికి వచ్చి, "జాగ్రత్తగ పో అక్కా," అంది.

బస్సు మూల తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపాను.